టీఓకే వ్యాసం: 1,600 మాటల్లో ఒక వాదన నిలబెట్టడం ఎలా

ఇంటర్మీడియట్‌కు సమానమైన ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్) డిప్లొమా చదివే ప్రతి విద్యార్థికీ తప్పనిది థియరీ ఆఫ్ నాలెడ్జ్. అందరూ టీఓకే అంటారు. హైదరాబాద్‌లోనో, దుబాయ్‌లోనో, సింగపూర్‌లోనో చదివే మన పిల్లలు మిగతా సబ్జెక్టులన్నీ ఎలాగోలా లాక్కొచ్చి దీని దగ్గరికి వచ్చేసరికి చతికిలబడతారు. కారణం ఉంది. ఇందులో బట్టీ పట్టడానికి పాఠం లేదు, ట్యూషన్ పెట్టించినా చెప్పడానికి ఫార్ములా లేదు. ఫిజిక్స్‌లో ఏం చెప్పారన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అది నిజమని ఫిజిక్స్ వాళ్లకు ఎలా తెలిసింది, ఆ తెలియడంలో ఎంత బలం ఉంది అన్నది ప్రశ్న.

మార్కుల లెక్క ముందు చూద్దాం. టీఓకే గ్రేడులో మూడింట రెండు వంతులు ఈ వ్యాసానిదే. మిగతా వంతు ఎగ్జిబిషన్‌ది, అంటే వస్తువులను చూపి వివరించే పనిది. టీఓకే, ఎక్స్‌టెండెడ్ ఎస్సే (విద్యార్థి సొంతంగా రాసే పరిశోధన వ్యాసం) రెండూ కలిసి డిప్లొమా మొత్తం 45 పాయింట్లలో గరిష్ఠంగా 3 తెచ్చిపెడతాయి. మూడే కదా అని తీసిపారేయడానికి లేదు. ఇందులో అట్టడుగుదైన ‘ఈ’ గ్రేడు వస్తే మిగతా సబ్జెక్టుల్లో ఎన్ని ఏడులు (అన్నిటికన్నా పై గ్రేడు) వచ్చినా డిప్లొమా చేతికి రాదు.

వ్యాసం గరిష్ఠంగా 1,600 మాటలు, 10 మార్కులు. ఎగ్జామినర్ ముందున్న ప్రశ్న ఒక్కటే: టైటిల్‌ను ఈ విద్యార్థి స్పష్టంగా, పొందికగా, విమర్శనాత్మకంగా పరిశీలించాడా లేదా? నేను చదివిన డ్రాఫ్టుల్లో తెలివి తక్కువైనవి అరుదు. చాలావాటిలో మంచి ఉదాహరణలే ఉంటాయి, మంచి ఇంగ్లిషే ఉంటుంది. లేనిదల్లా జవాబు. ఉదాహరణలు వరసగా వచ్చి పోతుంటాయి, టైటిల్ అడిగింది అడిగినట్టే మిగిలిపోతుంది. అందుకని ఈ మార్గదర్శి అంతటా ఒకే పట్టు పడతాను: ముందు జవాబు, ఆ జవాబును ఇబ్బంది పెట్టే ఉదాహరణ తర్వాత, పేరాల వరస ఆ రెండింటి నుంచే పుట్టాలి.

మొదటి పని: టైటిల్‌ను విడగొట్టడం

మే సెషన్‌కు ఐబీ ఆరు టైటిళ్లు ఇస్తుంది. అంతకుముందు సెప్టెంబరులోనే అవి బయటికొస్తాయి. ఐబీకి చేరాల్సిన గడువు మార్చి 15. బడి పెట్టే గడువు దానికి చాలా ముందే ఉంటుంది. ఆరింటిలో ఒకటి ఎంచుకోవాలి, ఇచ్చింది ఇచ్చినట్టే వాడాలి. ఒక్క మాట మార్చినా కుదరదు.

అసలు టైటిళ్ల జోలికి పోకుండా, సాధన కోసం నేనే ఒకటి తయారుచేస్తాను. ఇక్కడి నుంచి చివరిదాకా దీంతోనే పని.

“ఒక పద్ధతి గతంలో ఫలితం ఇచ్చిందంటే, దాన్ని మళ్లీ నమ్మడానికి అది చాలినంత కారణమేనా? ప్రకృతి శాస్త్రాలను, మరొక జ్ఞాన రంగాన్ని తీసుకుని చర్చించండి.”

చదవగానే పిల్లలు చేసే పని గూగుల్‌లో ఉదాహరణలు వెతకడం. ఆగండి. ముందు ఒక కాగితం మీద టైటిల్ రాసుకుని, బరువున్న మాటల కింద గీతలు గీయండి. ఇందులో నాలుగున్నాయి: పద్ధతి, ఫలితం ఇచ్చింది, నమ్మడం, చాలినంత.

ఒక్కోదాన్నీ నిలదీయండి. పద్ధతి అంటే ఏది? ప్రయోగమా, లెక్క కట్టడమా, పాత శాసనాన్ని పాత గ్రంథంతో పోల్చి చూడడమా? ఫలితం ఇచ్చిందని ఎవరు తేల్చారు, ఎప్పుడు తేల్చారు? ఆ రోజు గెలుపులా కనిపించినది నూరేళ్ల తర్వాత కూడా గెలుపేనా? నమ్మడం అంటే మళ్లీ ప్రయత్నించి చూడడమా, లేక ఫలితం రాకముందే నిజమని ఒప్పుకోవడమా? చివరి మాట మీద ఇంకాస్త ఆగాలి. ‘చాలినంత’ అని టైటిల్ అడిగిందంటే, ‘కారణమే కానీ చాలదు’ అన్న జవాబుకు తలుపు తీసి పెట్టినట్టే. అవును, కాదు అనే రెండు కొసల మధ్య వాదన నడిపే చోటు సాధారణంగా ఇలాంటి చిన్న మాటలోనే దొరుకుతుంది. ఐబీ టైటిళ్లలో ‘ఎంతవరకు’, ‘ఎప్పుడూ’, ‘తప్పనిసరిగా’ లాంటివి కనిపిస్తే అక్కడే తిష్ఠ వేయండి.

ఇలా నిలదీశాక ఒకే వాక్యంలో జవాబు రాయండి. ఆ రోజే రాయాలి, పచ్చిగా ఉన్నా పర్వాలేదు. మన టైటిల్‌కు నా జవాబు ఇది: గత విజయం ఒక పద్ధతిని ముందుగా ప్రయత్నించడానికి కారణమవుతుంది, దాని ఫలితాన్ని పరీక్షించకుండా ఒప్పుకోవడానికి మాత్రం కాదు.

ఈ వాక్యంతో ఎవరైనా గొడవ పడగలరా అని చూసుకోండి. పడగలిగితే మంచి వాక్యమే. ‘జ్ఞానానికి పద్ధతులు ముఖ్యం, అయితే వాటికి పరిమితులు కూడా ఉంటాయి’ అనే వాక్యంతో ఎవరూ గొడవపడరు. అందుకే దాంతో వ్యాసం కదలదు.

రెండో పని: జ్ఞాన రంగాలు

చరిత్ర, మానవ శాస్త్రాలు, ప్రకృతి శాస్త్రాలు, గణితం, కళలు: మొత్తం ఐదు. టైటిల్ రెండు అడిగితే రెండే. మూడోది చేర్చితే ఎక్కువ తెలిసినట్టు కనబడుతుందనుకుంటారు గానీ 1,600 మాటల్లో మూడు రంగాలకు చోటెక్కడిది?

రెండో రంగాన్ని ఎంచుకునేటప్పుడు నచ్చిన సబ్జెక్టని కాకుండా, మొదటిదానితో ఎక్కడ తేడా వస్తుందో చూసి ఎంచుకోండి. మన టైటిల్‌కు చరిత్ర బాగా కుదురుతుంది. శాస్త్రవేత్తకు అనుమానం వస్తే టెలిస్కోపు తిప్పి చూస్తాడు. చరిత్రకారుడికి అనుమానం వస్తే, తీర్చే రాయి ఎక్కడో బయటపడేదాకా ఆగాలి. ఒక్కోసారి అది బయటపడదు కూడా. పద్ధతిని పరీక్షించడం అనేది రెండు చోట్లా ఒకేలా ఉండదన్న మాట. ఆ తేడాయే రెండో సగం వ్యాసాన్ని నడిపిస్తుంది.

మూడో పని: ఉదాహరణలు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

ఊహించి రాసినవి పనికిరావు. ‘ఒక డాక్టరు ఒక మందు ఇచ్చాడనుకుందాం’ అన్న వాక్యం చూడగానే ఎగ్జామినర్ కళ్లు జారిపోతాయి. గెలీలియో, చర్చి కథ కూడా వద్దనే అంటాను. అది తప్పు ఉదాహరణ కాదు, కానీ దాన్ని చదివీ చదివీ వాళ్లకు విసుగెత్తి ఉంటుంది, పైగా మీకు తెలిసినది పాఠ్యపుస్తకంలోని రెండు వాక్యాలే. కావలసింది పేరు, సంవత్సరం, ఏం జరిగిందన్న వివరం ఉన్న నిజమైన సంఘటన. అందులో తెలుసుకోవడం అనే పని ఎక్కడో ఒకచోట ఇరుక్కుని ఉండాలి.

మన టైటిల్‌కు ప్రకృతి శాస్త్రాల నుంచి ఒక జంటను తీసుకుందాం. 1781లో విలియం హెర్షెల్ కనిపెట్టిన యురేనస్ న్యూటన్ సూత్రాలు చెప్పిన దారిలో కచ్చితంగా నడవలేదు. ఫ్రెంచి ఖగోళవేత్త అర్బాన్ లెవెరియే, కనబడని ఇంకో గ్రహం దాన్ని లాగుతోందని అనుకుని, అది ఎక్కడ ఉండాలో లెక్క కట్టాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో యోహాన్ గాలె టెలిస్కోపు తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపలే నెప్ట్యూన్ కనిపించింది. పద్ధతి గెలిచింది, అదీ మామూలు గెలుపు కాదు.

అదే లెవెరియే 1859లో బుధుడి దగ్గరికి వచ్చాడు. బుధుడి కక్ష్య కూడా లెక్కకు రావడం లేదు. సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే బిందువు శతాబ్దానికి కొన్ని పదుల ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) అదనంగా జరుగుతోంది. ఇప్పటి లెక్క ప్రకారం 43. లెవెరియే పాత పద్ధతే పట్టుకున్నాడు: సూర్యుడికీ బుధుడికీ మధ్య ఇంకో గ్రహం ఉండాలి. దానికి వల్కన్ అని పేరు పెట్టారు. చూశామన్నవాళ్లు కూడా వచ్చారు. గ్రహం మాత్రం లేదు. 1877లో చనిపోయేదాకా లెవెరియే అది ఉందనే నమ్మాడు. 1915 నవంబరులో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతంతో ఆ 43 ఆర్క్ సెకన్లు సరిపోయేదాకా ముడి వీడలేదు.

మనిషి ఒకడే, గణితం ఒకటే, తర్కం ఒకటే. ఒకచోట గ్రహం దొరికింది, ఇంకోచోట దొరకలేదు. మీ జవాబును నిజంగా పరీక్షకు పెట్టే ఉదాహరణ అంటే ఇలా ఉండాలి. నెప్ట్యూన్ ఒక్కటే రాస్తే అది మీ వాదనకు బాకా ఊదుతుంది, అంతకు మించి ఏమీ చేయదు.

ఇప్పుడు చరిత్ర. ఆంగ్లేయ పండితుడు జేమ్స్ ప్రిన్సెప్ 1837 నాటికి ప్రాచీన బ్రాహ్మీ లిపిని చదవగలిగాడు. దేశంలో చాలాచోట్ల స్తంభాల మీద, బండల మీద ఉన్న శాసనాలు ‘దేవానాం పియ పియదసి’ అనే రాజువని తెలిసింది. ఎవరా రాజు? శాసనంలోని పేరును గ్రంథాల్లోని పేరుతో జతచేయడం చరిత్రకారుల పాత పద్ధతి. ప్రిన్సెప్ మొదట ఆయన్ను శ్రీలంక రాజు అనుకున్నాడు, ఎందుకంటే అక్కడ దేవానాంపియ తిస్స అనే రాజు ఉన్నాడు. అదే ఏడాది శ్రీలంకలో ఉద్యోగం చేస్తున్న జార్జ్ టర్నర్ పాలి గ్రంథం దీపవంశంలో పియదస్సి అంటే చంద్రగుప్తుడి మనవడని చూశాడు. అంటే అశోకుడు. పద్ధతి అదే, ముందు తప్పు రాజును చూపించింది, కొత్త ఆధారం చేతికి రాగానే సరైన రాజును చూపించింది.

అయితే అప్పటిదాకా దొరికిన శాసనాల్లో అశోకుడన్న పేరు మాత్రం లేదు. 1915లో నిజాం రాజ్యంలోని మస్కిలో (ఇప్పుడది కర్ణాటకలోని రాయచూరు జిల్లా) ఒక బండ మీద ‘దేవానాం పియస అసోకస’ అని కనిపించింది. మధ్యలో గడిచింది 78 ఏళ్లు. ఆ 78 ఏళ్లూ చరిత్రకారులు పియదసి అంటే అశోకుడేనని రాస్తూ వచ్చారు. వాళ్లకు అది తెలుసనాలా, నమ్మారనాలా? నిజానికి ఈ ఒక్క ప్రశ్న మీదే ఒక వ్యాసం రాయవచ్చు.

(1915 రెండు ఉదాహరణల్లోనూ వచ్చింది. ‘ఆశ్చర్యకరంగా’ అంటూ దీని మీద ఒక వాక్యం రాయాలని చేయి దురద పెడుతుంది. రాయకండి. యాదృచ్ఛికం వాదన కాదు.)

అశోకుడి శాసనాలే ఇంకో టైటిల్‌కు ఇంకోలా పనికొస్తాయి. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని తరలించారని పశ్చాత్తాపంతో చెప్పే పదమూడో శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది, కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడలో లేదు. జ్ఞానం, అధికారం గురించిన టైటిల్ వస్తే దీన్ని గుర్తుపెట్టుకోండి. మన టైటిల్‌కు మాత్రం ఇది వద్దు. ఎంత మంచి ఉదాహరణైనా టైటిల్‌కు అతకకపోతే పక్కన పెట్టడమే.

నాలుగో పని: అస్థిపంజరం

1,600 మాటల్ని నేను ఇలా పంచుతాను: ఆరంభానికి 150, ఒక్కోటి 310 దాకా ఉండే నాలుగు పేరాలు, ముగింపుకు 180 లోపు. కొన్ని మాటలు మిగుల్చుకోండి, దిద్దేటప్పుడు అవసరపడతాయి. 1,600 దాటిన తర్వాత రాసింది ఎగ్జామినర్ చదవనక్కర్లేదు. అంటే మాటలు దాటితే పోయేది మీ ముగింపే. ఉటంకింపులు లెక్కలోకి వస్తాయి. ఆధారాలు చూపే ఫుట్‌నోట్లు, బిబ్లియోగ్రఫీ రావు. అలాగని వాదనను ఫుట్‌నోట్లలోకి తోసేసినా లాభం లేదు.

చాలామంది టీచర్లు వాదన, ప్రతివాదన, వాదన, ప్రతివాదన అని ఒక అచ్చు ఇస్తారు. మొదలుపెట్టడానికి పర్వాలేదు గానీ దాన్నే పట్టుకు వేలాడితే వ్యాసం ఉయ్యాలలా ముందుకూ వెనక్కూ ఊగుతుంది, ఎక్కడికీ చేరదు. ఒక్కో పేరా అంతకుముందు పేరా విడిచిన చోట అందుకుని జవాబును కొంచెం మార్చాలి. మన వ్యాసానికి నేను వేసుకునే వరస:

మొదటి పేరా: ప్రకృతి శాస్త్రాల్లో గత విజయానికి విలువ ఉంది. న్యూటన్ సూత్రాల మీద నమ్మకం లేకపోతే, యురేనస్ లెక్క తప్పగానే సూత్రాలే తప్పని పారేసేవాళ్లు. నెప్ట్యూన్ దొరికేది కాదు.

రెండో పేరా: ఆ నమ్మకమే వల్కన్‌ను లేకుండానే ‘చూపించింది’. పద్ధతి ఏ పరిధిలో పనిచేస్తుందో తెలియనంత వరకు గత విజయం భరోసా ఇవ్వదు.

మూడో పేరా: చరిత్రలో పరిస్థితి వేరు. పరీక్షించే అవకాశం మన చేతుల్లో ఉండదు. అందుకే పియదసిని అశోకుడిగా గుర్తించడంలో గత విజయం కన్నా వేర్వేరు ఆధారాలు ఒకదానికొకటి అతకడం ముఖ్యమైంది.

నాలుగో పేరా: మరి పరీక్షించలేనప్పుడు పద్ధతిని నమ్మకపోతే చరిత్ర రాయడమే సాధ్యం కాదుగా? ఇక్కడ మన మొదటి జవాబు కదులుతుంది. ముందు ప్రయత్నించడం ఒకటి, పరీక్షకు ముందే ఒప్పుకోవడం ఒకటి, ఈ రెంటికీ మధ్య తాత్కాలికంగా ఒప్పుకోవడం అనే మూడో స్థితి ఉందని తేలుతుంది. 78 ఏళ్లూ చరిత్రకారులు నిలబడింది ఆ స్థితిలోనే.

రాసుకున్న జవాబు నాలుగో పేరాలో మారింది చూశారా? భయపడకండి. మారడమే మంచిది. వ్యాసం రాస్తూ ఆలోచించారనడానికి అంతకన్నా రుజువు ఉండదు. ముగింపులో మారిన జవాబునే రాయండి, ఆరంభంలోని వాక్యాన్ని కూడా దానికి తగ్గట్టు సవరించుకోండి.

ఐదో పని: ఒక పేరాను దగ్గరగా చూడడం

రెండో పేరాను రెండు రకాలుగా రాసి చూద్దాం. మీరు రాసేది ఇంగ్లిషులో అయినా పేరా కట్టిన తీరు తెలియడానికి తెలుగులో ఇస్తున్నాను. ఇది బలహీనమైనది:

“అయితే శాస్త్రవేత్తలు కూడా పొరపాట్లు చేస్తారు. ఉదాహరణకు లెవెరియే బుధుడి కక్ష్యను పరిశీలించి వల్కన్ అనే గ్రహం ఉందని భావించాడు. కానీ తర్వాత ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ద్వారా అలాంటి గ్రహం లేదని నిరూపించాడు. దీన్నిబట్టి పద్ధతులను గుడ్డిగా నమ్మకూడదని తెలుస్తోంది.”

ఇందులో తప్పు సమాచారమేమీ లేదు, మహా అయితే ‘నిరూపించాడు’ అన్న మాట ఒక్కటి కొంచెం ఎక్కువ. అసలు సమస్య వేరు. పేరా మొదలైంది శాస్త్రవేత్తల గురించి, జ్ఞానం గురించి కాదు. మధ్యలో ఉన్నది కథ. చివర ‘గుడ్డిగా నమ్మకూడదు’ అన్నది ఎవరికి తెలియదు? ఉదాహరణ తీసేసినా ఆ వాక్యం అలాగే నిలబడుతుంది. అంటే ఉదాహరణ ఏ పనీ చేయలేదు.

ఇప్పుడు ఇది చూడండి:

“ఒక పద్ధతి ఏ పరిస్థితుల్లో గెలిచిందో తెలియనప్పుడు, ఆ గెలుపు మీద పెట్టుకున్న నమ్మకానికి సగమే ఆధారం ఉంటుంది. 1846లో నెప్ట్యూన్‌ను చూపించిన తర్కాన్నే లెవెరియే 1859లో బుధుడికి వాడాడు, వల్కన్ దొరకలేదు. లెక్కలో పొరపాటు జరిగిందా అంటే లేదు. అదనపు కదలిక నిజంగానే ఉంది. సూర్యుడికి అంత దగ్గరలో న్యూటన్ సూత్రాలు పూర్తిగా సరిపోవన్నది ఆ రోజు ఎవరికీ తెలిసే వీల్లేని సంగతి. కాబట్టి లెవెరియే నమ్మకం అర్థం లేనిది కాదు, అయినా అది తప్పు. సమంజసమైన నమ్మకం కూడా జ్ఞానం కాకుండా పోవచ్చు. ఆ తేడా పద్ధతి లోపల నుంచి కనబడలేదు, ఇంకో సిద్ధాంతం వచ్చాకే కనబడింది.”

మొదటి వాక్యం జ్ఞానం గురించిన వాదన, అది టైటిల్‌కు నేరుగా తగులుతుంది. ఉదాహరణకు దక్కినవి రెండు మూడు వాక్యాలే, తక్కినదంతా దాన్ని పిండడం. ‘లెక్కలో పొరపాటు జరిగిందా’ అని అడగడంతో సులువైన వివరణ పక్కకు పోయింది. చివరి రెండు వాక్యాలు తర్వాతి పేరాకు దారి వేశాయి: పద్ధతి హద్దు లోపల నుంచి కనబడకపోతే చరిత్రకారుడి సంగతేమిటి?

మీ డ్రాఫ్టులో ప్రతి పేరాకూ ఒక పరీక్ష పెట్టండి. ఉదాహరణను చేత్తో మూసి మిగతాది చదవండి. తేడా ఏమీ తెలియకపోతే పేరా మళ్లీ రాయాలి.

ప్రతివాదన గురించి కొంచెం

ఓడిపోవడానికే పుట్టిన ప్రతివాదనను ఎగ్జామినర్ ఇట్టే పట్టేస్తాడు. ‘కొందరు ఇలా అంటారు, కానీ వాళ్లది తప్పు’ అని రెండు వాక్యాల్లో తేల్చేస్తే దానికి మార్కు లేదు. వల్కన్ వైపు నిలబడి వాదించి చూడండి. లెవెరియే పద్ధతిని అంత గట్టిగా పట్టుకోబట్టే కదా బుధుడి కక్ష్యలోని తేడా అంత కచ్చితంగా కొలవబడింది? ఆ కొలత లేకపోతే ఐన్‌స్టీన్ తన సిద్ధాంతాన్ని దేనితో సరిచూసుకునేవాడు? గ్రహం దొరకలేదు గానీ పద్ధతి వృథా పోలేదు. ఇది బలమైన ప్రతివాదన. మీ జవాబు దీన్ని తట్టుకోవాలి, లేదా దీనికి చోటిచ్చి జరగాలి. నాకైతే జరగడమే నచ్చుతుంది.

ప్లేటో, గెట్టియర్, న్యాయ దర్శనం

టీఓకే వ్యాసం అంటే ఫిలాసఫీ వ్యాసం అనుకుని ప్లేటోతో మొదలుపెట్టేవాళ్లు ఏటా ఉంటారు. సమర్థన ఉన్న నిజమైన నమ్మకమే జ్ఞానం అన్న నిర్వచనాన్ని అమెరికన్ తత్వవేత్త ఎడ్మండ్ గెట్టియర్ 1963లో మూడు పేజీల వ్యాసంతో ఇబ్బందిలో పెట్టిన సంగతి బీఏ ఫిలాసఫీలోనో, సివిల్స్ ఆప్షనల్‌లోనో రాస్తున్నవాళ్లకు ప్రాణం. టీఓకేలో అది అలంకారం అయిపోయే ప్రమాదం ఉంది. ఇక్కడ అడిగేది నిర్వచనం గురించి కాదు, చరిత్రకారులూ శాస్త్రవేత్తలూ జ్ఞానాన్ని ఎలా తయారుచేస్తారు, ఎలా సరిచూసుకుంటారు అని.

అదే లెక్క మనవాళ్ల ప్రమాణాలకూ, అంటే జ్ఞానం కలిగే దారులకూ, వర్తిస్తుంది. ప్రత్యక్షం (కళ్లారా చూడడం), అనుమానం (సందేహం కాదు, ఆధారాన్ని బట్టి తేల్చుకోవడం), ఉపమానం (పోల్చి తెలుసుకోవడం), శబ్దం (నమ్మదగినవాళ్ల మాట) అని నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, చెప్పిన నాలుగూ మీకు ఇంట్లోనో, బయటో తెలిసి ఉంటే ఆలోచించేటప్పుడు వాడుకోండి. గాలె టెలిస్కోపులో చూసింది ప్రత్యక్షం. దీపవంశం మాట శబ్దం. దాని మీద ఆధారపడి పియదసే అశోకుడనుకోవడం అనుమానం. ఇలా విడదీస్తే చరిత్ర పేరాలో ఏ ఆధారం ఎంత బరువు మోస్తోందో తేటపడుతుంది. వ్యాసంలో ఆ పేర్లు పెట్టాలా అంటే, వాదనను ముందుకు తోస్తేనే పెట్టండి. మన సంస్కృతిని చూపించాలని పెడితే అతుకు కనబడుతుంది.

ఆరంభం, ముగింపు చివర్లో రాయండి

ఆరంభంలో నిఘంటువు నిర్వచనం వద్దు. ‘అనాదిగా మానవుడు జ్ఞానాన్వేషణలో’ అసలే వద్దు. మూడు పనులు చాలు: టైటిల్‌లో ఇబ్బంది ఎక్కడుందో చెప్పడం, కీలకమైన మాటను ఏ అర్థంలో తీసుకుంటున్నారో చెప్పడం, మీ జవాబు చెప్పడం. జవాబును సస్పెన్స్‌లా చివరిదాకా దాచుకునేవాళ్లున్నారు. ఇది డిటెక్టివ్ కథ కాదు.

ముగింపులో పేరాలను మళ్లీ అప్పజెప్పకండి. జవాబు ఎలా మారిందో చెప్పి, దాని పర్యవసానం ఒకటి చూపండి. పై బ్యాండ్ మార్కులకు వాదనల పర్యవసానాలను పరిశీలించాలని ఐబీ ప్రమాణాల్లోనే ఉంది. మన వ్యాసంలో అయితే: తాత్కాలికంగా ఒప్పుకోవడమే సరైతే, పాఠ్యపుస్తకాల్లో దేన్ని ‘తెలిసినది’ అని రాయాలి, దేన్ని ‘ఇప్పటికి ఇలా అనుకుంటున్నాం’ అని రాయాలి? దీనికి జవాబు అక్కర్లేదు, ప్రశ్న మీ వాదన నుంచే పుట్టిందని కనబడితే చాలు.

టీచరుతో మూడు మాటామంతీలు

టీచరుతో మూడుసార్లు కూర్చుని మాట్లాడాలి, అవి ఫారంలో నమోదవ్వాలి. మొదటిసారి టైటిల్ గురించి, రెండోసారి అస్థిపంజరం గురించి, మూడోసారి డ్రాఫ్టు గురించి. పూర్తి డ్రాఫ్టు మీద టీచరు రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పేది ఒక్కసారే. కాబట్టి సగం ఉడికిన డ్రాఫ్టు ఇచ్చి ఆ అవకాశాన్ని తగలేయకండి. మొదటిసారి వెళ్లేటప్పుడు ‘ఏ టైటిల్ తీసుకోమంటారు సార్’ అని కాకుండా, రెండు టైటిళ్లకు మీ ఒక్క వాక్యం జవాబులు రాసుకుని తీసుకెళ్లండి. మాటలు ఎంత తేడాగా సాగుతాయో చూడండి.

అమ్మానాన్నలకు ఒక మాట. వాక్యాలు మీరు దిద్దకండి, పిల్లల్ని మాట్లాడించండి. ‘నీ జవాబేంట్రా? మరి వల్కన్ సంగతేంటి?’ అని తెలుగులో అడిగి, తెలుగులో చెప్పించండి. ఇంగ్లిషులో నున్నగా దాటేసిన చోట తెలుగులో నోరు తడబడుతుంది. అక్కడే వాదనలో కన్నం ఉందని అర్థం. ఏఐతో రాయించిన వాక్యం వాడితే దాన్నీ ఆధారంగా చూపాల్సిందే, చూపకపోతే కాపీ కిందే లెక్క.

పంపే ముందు

ప్రతి పేరాలో మొదటి వాక్యాన్ని మాత్రం తీసి ఒక కాగితం మీద వరసగా రాయండి. ఆ ఆరు వాక్యాలూ చదివితే వాదన మొత్తం తెలియాలి. ఏ రెండు వాక్యాల మధ్యనైనా ‘అలాగే’, ‘ఇంకొక ఉదాహరణ’ తప్ప ఇంకే సంబంధమూ కనబడకపోతే అక్కడ వ్యాసం తెగినట్టే, వెనక్కి వెళ్లి కలపండి. తర్వాత టైటిల్‌ను ఐబీ ఇచ్చినదాంతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. మాటల లెక్క ఇచ్చేటప్పుడు ఉటంకింపులు కలిశాయో లేదో చూసుకోండి. ఫాంట్ సైజు 12, డబుల్ స్పేసింగ్. ఫైల్‌లో మీ పేరు గానీ బడి పేరు గానీ ఎక్కడా ఉండకూడదు, హెడర్‌లో కూడా.